దర్జీ కుట్టిన కోడిపెట్ట

ఆ ఆదివారం ఉదయం దర్జీ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. బడిపిల్లల తెల్లచొక్కాలు పన్నెండింటికి కాజాలు కుట్టి, పదింటికల్లా మిషను మీద గుడ్డ కప్పేసి, హాయిగా పడుకోవాలి. తీరా పెరట్లోకి వెళ్ళేసరికి పక్కింటి కుక్క నడుమెత్తు ప్రహరీగోడ మీద ముందుకాళ్ళు ఆనించి, గూట్లోని కోళ్ళను చూస్తూ తోక ఊపుతోంది. అంతే, కాజాలు గంగలో కలిశాయి.

దర్జీ కోపానికి కారణం లేకపోలేదు. అతని ఆరు కోడిపెట్టల్లో నెల తిరక్కుండా రెండు మాయమయ్యాయి. గోడవార ఈకలు మిగిలాయి. నేరం పక్కింటి కుక్క మీద పడింది. దాని పేరు మొద్దు. ఆ పేరుకు అది ఏనాడూ మచ్చ తేలేదు. దాన్ని పెంచుకునే ఆవిడ ఊరి గ్రంథాలయంలో పనిచేస్తుంది. అందరూ లైబ్రేరియనమ్మ అంటారు. ఒంటరి మనిషి. సాయంత్రం తలుపు తీయగానే ఎదురొచ్చేది ఆ కుక్క ఒక్కటే. అలాంటిది వీధి సంఘం ప్రెసిడెంటుగారి ఎదుట, ఇంకొక్క కోడి పోతే మొద్దును ఊరవతల తమ్ముడి తోటకు పంపించేస్తానని కాగితం మీద సంతకం పెట్టింది పాపం. పెట్టి ఇంటికెళ్ళి ఆవిడ ఎంత ఏడ్చిందో గోడకివతల దర్జీ భార్యకు వినిపించింది. ఆ పూట ఈవిడకూ అన్నం సహించలేదు.

"సాక్ష్యం లేకుండా నింద వేశానంటావుగా? ఇవాళ సాక్ష్యం కుట్టి చూపిస్తా," అన్నాడు దర్జీ.

"ముందు కాజాలు కుట్టండి. రేపు బడివాళ్ళొచ్చి కూర్చుంటారు," అంది భార్య.

వింటేగా! సోఫా కవర్లకు తెచ్చిన గోధుమరంగు వెల్వెట్ ముక్క బల్ల మీద పరిచాడు. అదే రంగు పెట్టనొకదాన్ని చంకలో ఇరికించుకుని, టేపుతో మెడ, ఛాతీ, నడుము కొలతలు తీశాడు. అది రెండుసార్లు పొడిచింది. "కొలతకి కదిలేవాళ్ళని చూశాగానీ, పొడిచేవాళ్ళని చూళ్ళేదు" అని విసుక్కున్నాడు. దూది కూరాడు. రాలిన ఈకలు ఒక్కొక్కటే కుట్టాడు. దర్జీ పంచప్రాణాలూ పెట్టుకున్న పిల్లి పేరు ముత్యం. అది కత్తెర పక్కన పడుకుని ఒక కన్ను తెరిచి ఇదంతా చూసింది. చివరికి బట్ట మీద గీతలు గీసే నీలిసుద్దను పొడి చేసి, కోడి మెడ దగ్గర ఈకల కింద దట్టంగా పట్టించాడు. కొరికినవాడి మూతి నీలమవ్వాలి, అదీ ఎత్తు. అసలు కోళ్ళను గూట్లో పెట్టి గొళ్ళెం వేసి, కుట్టిన కోడిని గోడవార నిలబెట్టి, వంటింటి కిటికీ దగ్గర కాపలా కూర్చున్నాడు. కూర్చున్న పావుగంటకే గుర్రుపెట్టాడు.

గోడకవతల బట్టలారేయడానికి వచ్చిన లైబ్రేరియనమ్మ కొయ్యబారిపోయింది. మొద్దు జామచెట్టు కింద, చచ్చిన కోడి వీపు మీద గడ్డం ఆనించి నిద్రపోతోంది! చచ్చిన బల్లిని చూస్తేనే కళ్ళు తిరిగే మనిషి ఆవిడ. "ఎంత పని చేశావురా, కొంప ముంచావు కదరా!" అని ఏడుస్తూ, కళ్ళు గట్టిగా మూసుకుని, కోడిని పారతో పాత పేపర్లోకి తోసి, చుట్టి, చెట్టు మొదట్లో పూడ్చేసింది.

తర్వాత కళ్ళు తుడుచుకుని ఆలోచించింది. ఇరవై ఏళ్ళుగా ఆవిడ గ్రంథాలయంలో ఒకటే రూలు. పుస్తకం పోగొట్టినవాడు అదే పుస్తకం ఇంకో కాపీ తెచ్చి ఇవ్వాలి, ఇక మారుమాట ఉండదు. బజారుకు పరుగెత్తి గోధుమరంగు పెట్టనొకదాన్ని సంచిలో వేసుకొచ్చింది. దర్జీ గుర్రు వింటూ, గుండె దడదడలాడుతుంటే గోడ దాటి, గూటి తలుపు జానెడు తెరిచి, దాన్ని లోపలికి తోసేసి వచ్చేసింది.

మధ్యాహ్నం గింజలు వేయడానికి వెళ్ళిన దర్జీ భార్య పరుగున వచ్చి మొగుణ్ణి కుదిపింది. "ఏమండీ, కోళ్ళు ఐదున్నాయి!"

"మనవి నాలుగే కదే!"

"అదే నేననేది. కోడి తగ్గిందని కుక్కని పంపించెయ్యమన్నారు. ఇప్పుడు పెరిగింది. దీనికెవర్ని పంపించేస్తారు?"

దర్జీ ఆ మాట చెవిన వేసుకోలేదు. గోడవార తన కోడి లేదు! చెప్పులైనా వేసుకోకుండా ప్రెసిడెంటుగారింటికి పరుగెత్తి, "దొరికిపోయింది సార్! మూతి నీలంగా ఉంటుంది, రండి!" అని కేకేశాడు. భోంచేస్తున్న ఆయన ఎంగిలిచెయ్యి కడుక్కుని వెంట నడిచారు.

తలుపు తీసిన లైబ్రేరియనమ్మకు వాళ్ళిద్దర్నీ చూడగానే అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"చంపింది నిజమే అన్నయ్యా. పూడ్చేశాను. బదులుగా వేరే పెట్టని తెచ్చి మీ గూట్లో పెట్టాను. దీన్ని మాత్రం పంపించమనకండి. ఇదీ లేకపోతే ఈ ఇంట్లో నేనెవరితో మాట్లాడను?" అని మొద్దు మెడ చుట్టూ చేతులేసి భోరుమంది.

కోడిపుంజులా వచ్చిన దర్జీ నేలచూపులు చూశాడు. గెలిచానన్న సంతోషం ఎటుపోయిందో పోయింది. "ఏడవకు చెల్లెమ్మా. అది చావలేదు," అని నసిగాడు.

"నా చేతుల్తో పూడ్చాను కదన్నయ్యా!"

"పూడ్చావులే. అసలది బతికిందెప్పుడని?"

ప్రెసిడెంటుగారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. "మీ ఇద్దరికీ ఎండ తగిలినట్టుంది. ముందు తవ్వండి."

తవ్వారు. మెడ చిరిగి దూది బయటికొచ్చిన కోడిని ఆయన తిప్పి తిప్పి చూసి, "వీపు కుట్టు మాత్రం చెక్కుచెదర్లేదయ్యా" అని మెచ్చుకున్నారు. తర్వాత మొద్దు నోరు తెరిచారు. పళ్ళూ నాలుకా వెతికినా నీలం చుక్క లేదు. వెల్వెట్ మెత్తగా ఉందని తల పెట్టుకుందే తప్ప పాపం అది కొరకనే లేదు.

"మరి చింపి ఇటు పడేసిందెవరు?" అన్నారు ప్రెసిడెంటుగారు.

జవాబు గోడకవతల నుంచి వచ్చింది. "ఏమండీ! ఒక్కసారి ఇలా వచ్చి మీ చొక్కాలు చూసుకోండి!"

ముగ్గురూ వెళ్ళారు. పన్నెండు తెల్లచొక్కాల దొంతర మీద నీలం అడుగులు. పైన ముత్యం తీరిగ్గా కూర్చుని పంజా నాక్కుంటోంది. మీసాల నుంచి చెవులదాకా నీలం.

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మీరు సుద్దతో పట్టారు," అంది భార్య.

ప్రెసిడెంటుగారు జేబులోంచి సంతకాల కాగితం తీశారు. "న్యాయం అందరికీ ఒకటే కదా. తోటకి బండి ఎప్పుడు కట్టమంటావు?"

దర్జీ ముత్యాన్ని గుండెకు హత్తుకున్నాడు. లైబ్రేరియనమ్మ ఆ కాగితం అందుకుని, అడ్డంగా ఓసారి, నిలువుగా ఓసారి చింపేసింది.

"పొద్దుట్నించీ నా గుండె ఎంత కొట్టుకుందో నాకు తెలుసు. అది మీకొద్దన్నయ్యా."

"తప్పు నాదే చెల్లెమ్మా. చూడకుండా నింద వేసి నిన్ను ఏడిపించాను," అన్నాడు దర్జీ, కళ్ళొత్తుకుంటూ. కొత్త పెట్టను వెనక్కి తీసుకోమని బతిమాలాడు. ఒకసారి ఇచ్చిన కాపీ వెనక్కి తీసుకోవడం మా రూల్లో లేదని ఆవిడ వెళ్ళిపోయింది.

మర్నాడు తెల్లారకముందే లేచి ఉతికిన చొక్కాలు దర్జీ ఆరేస్తుంటే, గేటు దగ్గర లైబ్రేరియనమ్మ కనిపించింది. ఆవిడ వెనక దాక్కున్న మొద్దు ముక్కు మీద గాటు పడి ఉంది. కొత్త పెట్ట గోడ ఎగిరి వెళ్ళి, దాని గిన్నె ఖాళీ చేసి, అడ్డొచ్చిందని పొడిచిందట.

"అన్నయ్యా," అంది ఆవిడ, "మీ కోడిని కాస్త కట్టేసుకోండి."