అర్ధవిరామ విజయము

అహో! అనవరత కీబోర్డు టకటకారావ ముఖరితమై, ఏసీ శీతలమారుత కంపితోద్యోగి బృందమై, ఫైళ్ళు లేకున్నను ఫైళ్ళ గోల తగ్గని ఒకానొక కార్యాలయమున, పొద్దుటి టీ అరిగిపోయి మధ్యాహ్నపుటాకలి ఇంకను మేల్కొనని శుభసమయమున, చక్రములు కిర్రుమను కుర్చీయందు కొలువుతీరి యుండెను పట్టికా పరిరక్షణ ధురంధరుడు, బ్యాకప్ వ్రతనిష్ఠాగరిష్ఠుడు, పాస్‌వర్డు రహస్యగోపన చణుడు, ఆఫీసంతా 'డేటాబేస్ బాబాయ్' అని పిలుచుకొను మహావీరుడు. ఎక్కడో కంటికానరాని క్లౌడులో, అద్దె యంత్రములలో, ఆ ఆఫీసువారి జీతములు, సెలవులు సమస్తమును గడులు గడులుగా పట్టికలై నిలిచియుండగా, వాటన్నింటికిని ఇతడొక్కడే కావలి.

అట్టివాడు ఆ దినమున కోరినది పదవి కాదు, పెంపు కాదు. పూటసెలవు! మధ్యాహ్నము బడిలో కూతురి నాటకము. అందులో ఆ చిన్నది మేఘము. మాట లేదు, పాట లేదు. ఒళ్ళంతా దూది అంటించుకొని ఈ చివరనుండి ఆ చివరకు నడుచుటయే పాత్ర. "నాన్నా, నువ్వు కనబడకపోతే నేను కదలను. అక్కడే నిలబడిపోతా" అని ఆ మేఘము పొద్దున్నే భీషణ ప్రతిజ్ఞ చేసియున్నది. భోజనవేళ లోపల సెలవు కంప్యూటరులో నమోదు కావలె. కాకున్న మేనేజరు గడప దాటనీయడు.

బాబాయ్ మీట నొక్కెను. తెరపై చక్రము తిరిగెను. తిరుగుచునేయుండెను. మరల నొక్కెను. మరల తిరిగెను. అంతట కోపారుణిత నేత్రుడై లేచి, "ఓరీ గిరగిరా తిరిగే చక్రమా! ఎవరి సెలవును ఆపుచున్నావో ఎరుగుదువా? నేను కావలి కాచు పట్టికలోనికి నన్నే రానీయవా? తప్పుకొనుము, లేదేని నీ యంత్రమును ఆర్పి వెలిగింతును!" అని గర్జించుచు, నొక్కి, నొక్కి, కసితీరా నొక్కెను. ఇందరికి "ఒక్కసారి నొక్కి ఆగండి బాబూ" అని నిత్యము నీతులు చెప్పువాడు ఇతడే సుమా!

ఇంతలో ఇల్లాలి ఫోను.

"ఏమండీ, బయల్దేరారా? దూది అంటించడం అయిపోయింది. మీ అమ్మాయి అప్పుడే గోక్కుంటోంది, సగం మేఘం సోఫా మీదే ఉంది."

"వచ్చేస్తున్నా, వచ్చేస్తున్నా!"

అబద్ధమాడి, చెమటోడ్చి, వీరుడు యంత్రమునకు నేరుగా ఆజ్ఞలిచ్చు నల్లతెరను తెరచి చూచెను. తెలిసిపోయినది! సెలవుల పట్టికను ఎవరో సరిచేయ మొదలిడి, 'కమిట్' అను ముగింపు మాట చెప్పక విడిచిరి. ఆ మాట పడువరకు పట్టికకు తాళమే. తక్కినవారందరు గుమ్మము వెలుపలే. తాళము వేసినదెవరు? జీతాల మేడమ్! చీటికిమాటికి ఆమె వచ్చి బతిమాలుట భరింపలేక, ఆ నల్లతెర విద్యను ఫోనులో ఆమెకు ఉపదేశించినదెవరు? ఇంకెవరు, ఈ మహానుభావుడే. చేజేతులా చేసుకొన్న నిర్వాకము!

పట్టికతో ఆమెకున్న లంకెను ఒక్క వేటున తెంచివేయవచ్చును. కాని తెంచినచో పొద్దుటినుండి ఆమె సరిచేసిన సెలవులన్నియు గంగలో కలియును. ఆపై ఆమె నోటినుండి తప్పించుకొన్నవాడు ఆ భవనమున లేడు. ప్రాణముపై తీపిగల వీరుడు కావున కాలినడకను ఎంచుకొనెను. క్యాంటీను గాలించెను, లేదు. లిఫ్టు తొంగిచూచెను, లేదు. తుదకు మెట్లమీద, భుజమునకు ఫోనునొక్కి, కర్టెన్ల రంగుపై చెల్లెలితో పోరాడుచున్న ఆమె కనబడెను.

"మేడమ్! కమిట్ కొట్టలేదు మీరు!" అని రొప్పెను.

"ఉండవే, మళ్ళీ చేస్తా," అని చెల్లెలితో చెప్పి ఆమె కళ్ళెర్రచేసెను. "కొట్టానయ్యా! నువ్వేగా చెప్పావు, కమిట్ అని కొట్టి ఎంటర్ నొక్కండి, అంతే అని!"

ఇరువురును పరుగున పోయి ఆమె తెరను చూచిరి. కమిట్ అని యున్నది. దాని తరువాత ఏమియు లేదు. చివరనుండవలసిన అర్ధవిరామము, పైన చుక్క కింద కామా, అది లేక ఆ అమాయక యంత్రము "ఇంకేమైనా చెబుతారేమో" అని నోరు తెరచి కూర్చొనియున్నది.

"చుక్క-కామా పెట్టలేదు మేడమ్!"

"పెట్టమని చెప్పావా? అంతే అన్నావు. అంతే అన్నాక ఇంకేముంటుందయ్యా?"

బాబాయ్ చూపుడువేలు పైకెత్తెను. ఆ వేలు దిగినది! చుక్క పడినది, కామా పడినది, ఎంటరు మ్రోగినది, తాళము ఊడినది!

"నీ సెలవు పడిందయ్యా," అని మేడమ్ పక్కతెర చూచి నవ్వెను. నవ్వు మధ్యలోనే ఆగిపోయెను. "మళ్ళీ పడింది. ఓయమ్మో, ఇంకా పడుతోంది! ఎన్నిసార్లు నొక్కావు బాబూ? ఈ ఏడాది సెలవులన్నీ ఇవాళే అయిపోయేలా ఉన్నాయి. ఉండు, మిగతావి నేను తీసేస్తాలే. డిలీట్ అని కొట్టి..."

"అమ్మా! తల్లీ! ముట్టుకోకండి! రేపొచ్చి నేనే తీస్తా!" అని ఆమె కీబోర్డునే చంకనిడుకొని మహావీరుడు మెట్లు దిగి పరుగెత్తెను.

బడి హాలులో సూర్యుడు ఉదయించి, పద్యము చెప్పి, అలసి ఓరగా కూర్చొనియుండెను. రంగస్థలముపై ఒక చివరన మేఘము కదలక నిలచియుండెను. తెరచాటునుండి టీచరమ్మ "కదులమ్మా, కదులు" అని చేతులు జోడించుచుండెను. తలుపు తెరచుకొని చంకలో కీబోర్డుతో జనకుడు ప్రవేశించెను.

"మా నాన్నొచ్చాడు!" అని అరచి మేఘము కదలెను.

జయము, జయము! ఒక చుక్కయు, దానికొక తోకయు గెలిచియిచ్చిన ఆ పూటసెలవులో, మాటలేని మేఘమునకు కూడ ఒక మాట దక్కెను.