నేలమాళిగలో తులిప్ పూలు

ఆ శనివారం ఐనర్ ఒక్కటే పని పెట్టుకున్నాడు: పూలకుండీలు కొనడం. మే నెలాఖరులో అతని భార్య మారెన్ పుట్టినరోజు. ఆమె ఉన్నన్నాళ్లూ ఆ రోజు పెరట్లో బల్లలు వేసి, చుట్టూ పూలకుండీలు పెట్టి, వీధి వాళ్లందరినీ పిలిచి కాఫీ, కేకు పెట్టేది. మొన్న చలికాలంలో ఆమె పోయింది. పార్టీ మాత్రం ఆగడానికి వీల్లేదని ఐనర్ పట్టుబట్టి, ఏప్రిల్‌లోనే అందరినీ పిలిచేశాడు.

మొక్కల దుకాణంలో అమ్మాయి "ఏం పూలు కావాలి తాతగారూ?" అని అడిగేసరికి అతను కుండీల వరసను ఆ చివర నుంచి ఈ చివరికి చూశాడు. ఇన్నేళ్లూ ఆ కుండీల పక్కనే కూర్చుని కేకు తిన్నాడు. వాటిలో ఏం పూసేవో ఒక్కటీ గుర్తులేదు.

"అన్నిటికంటే ముందు పూసేవి ఇవ్వమ్మా," అన్నాడు, ఆలస్యమవుతుందేమోనన్న భయంతో.

మొగ్గ తొడిగిన తులిప్ కుండీలు కారు నిండా సర్దాక ఆ అమ్మాయి సంబరంగా, "వారం తిరక్కుండా విచ్చుకుంటాయి," అంది.

"పార్టీ వచ్చే నెలాఖరున కదా!"

"అయ్యో, అప్పటికి ఆకులే మిగుల్తాయి. చల్లగా, చీకట్లో ఉంచితే ఆగుతాయేమో మరి."

వెనక్కి ఇవ్వడానికి మొహం చెల్లక ఐనర్ ఆ 'ఏమో'ను పట్టుకుని ఇంటికొచ్చాడు. కుండీలన్నీ బంగాళాదుంపలు దాచే నేలమాళిగలోకి దించాడు. రోజూ చేపల రేవు నుంచి ఐసు మోసుకొచ్చి వాటి చుట్టూ పేర్చడం మొదలుపెట్టాడు.

పక్కింటి టోవె ఆ ఐసును చూసింది. ఒకనాడు నేలమాళిగ కిటికీలోంచి ఐనర్ గొంతు కూడా విన్నది.

"ఇంకొన్నాళ్లు ఓపిక పట్టవే తల్లీ. పుట్టినరోజు నాడు నేనే ఎత్తుకుని పైకి తీసుకెళ్తా. అందరూ నిన్నే చూస్తారు."

టోవె చేతిలోని చీపురు అక్కడే పారేసి పాస్టర్ మోగెన్స్ ఇంటికి పరుగెత్తింది.

పాస్టరు వచ్చి ఐనర్ చేయి పట్టుకున్నాడు. "పోవాల్సిన వేళ వచ్చాక ఎంత ప్రేమున్నా ఆపకూడదు ఐనర్ గారూ."

తన తంటా ఈయనకూ తెలిసిందే అని ఐనర్ సిగ్గుపడ్డాడు. "పుట్టినరోజు దాకా ఆపుతానండీ. ఆ తర్వాత నేనేం అడ్డుపడను."

"ఇప్పుడు… కిందేనా?"

"కిందే. రోజూ ఐసు మారుస్తున్నా, కాసిని నీళ్లు పోస్తున్నా. రంగు కాస్త పాలిపోయిందిగానీ, ఎండ తగిలితే తేరుకోదూ!"

మారెన్‌ను సమాధి చేయించింది తనే అయినా, పాస్టరుకు ఒక్క క్షణం గుండె ఆగినంత పనైంది. ఈ స్థితిలో పార్టీ జరిగితే మనిషి దక్కడని ఆయన తేల్చాడు. ఎవరూ వెళ్లొద్దని టోవె ఇంటింటికీ చెప్పొచ్చింది. ఆ సంగతి ఐనర్‌కు పాస్టరు చెప్తాడని టోవె అనుకుంది. టోవె చెప్తుందని పాస్టరు అనుకున్నాడు.

పుట్టినరోజు నాడు ఐనర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, నడుం పట్టేసినా కుండీలన్నీ పైకి చేర్చాడు. ఇన్నాళ్లూ ఎండ ఎరగని మొగ్గలు మధ్యాహ్నానికల్లా ఒక్కసారిగా విచ్చుకున్నాయి. పెరడంతా ఎరుపు, పసుపు. కాఫీ కాచి, కప్పులు సర్ది గేటువైపు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

ఎవరూ రాలేదు. కాఫీ చల్లారిపోయింది.

చూసేవాళ్లు లేక చివరికి తనే చూశాడు. ఎర్ర రేకుల అడుగున నల్లటి చుక్కలాంటి మచ్చ ఉంది. ఏటా ఇవేనా నువ్వు పెంచింది అని మారెన్‌ను అడగాలనిపించింది. అడగడానికి మనిషి లేదు.

కంచె మీంచి టోవె తొంగి చూసి నోరు తెరిచింది. "ఐనర్ గారూ! ఈ పూలెక్కడివి?"

"నేలమాళిగలోవి. ముందే పూసేస్తాయని ఐసు పెట్టి, బతిమాలి ఆపాను. అందరూ ఏరీ టోవె? తారీకు గాని తప్పు చెప్పానా?"

టోవెకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే జరిగిందంతా చెప్పేసింది. ఐనర్ ఖాళీ గేటు వైపు ఓసారి చూశాడు. "పాపం, పాస్టరు ఎంత భయపడ్డాడో," అన్నాడు.

ఆమె కాళ్లకు చెప్పుల్లేకుండానే వీధిలోకి పరుగెత్తింది. పిలిచి, తిట్టి, అందర్నీ పోగేసి తెచ్చేలోగా సముద్రం మీంచి గాలి లేచింది. నిండా విచ్చుకున్న పూలు ఎంతసేపు ఆగుతాయి? జనం గేటు దాటేసరికి రేకులన్నీ గడ్డిలో ఉన్నాయి, కుండీల్లో ఉత్త కాడలు నిలబడ్డాయి. పాస్టరు టోపీ తీసి వాటి ముందు తలవంచుకున్నాడు. అందరూ చల్లారిన కాఫీయే తాగారు. వేడి చేయమని ఎవరూ అడగలేదు.

వాళ్లు వెళ్లాక కప్పులు కడుగుతూ టోవె ఒక్కతే మిగిలింది.

"నువ్వు చూశావు కదూ?" అన్నాడు ఐనర్.

"చూశాను. అన్నీ పూసి ఉండగానే చూశాను."

"అయితే సరే," అని అతను తువ్వాలు అందుకుని కప్పులు తుడవసాగాడు.

మర్నాటి నుంచి ఆ వీధిలో ఐనర్ పూలు చూడలేదని చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు.