దర్జీ గారి కిలోమీటరు వంతెన

ముప్పయ్యేళ్ళ తర్వాత తనకు ఏమేం కావాలో ఈ నగరానికి క్షుణ్ణంగా తెలుసు. ఇవాళ ఏం కావాలన్న సంగతి మాత్రం ఇంకా పరిశీలనలో ఉంది.

అందుకే నగర దీర్ఘకాలిక ప్రణాళికా విభాగం వారు పౌరుల ప్రతిపాదనలు పిలవగానే, మూడో వీధి దర్జీ కుట్టు మిషను వదిలేసి ఆఘమేఘాల మీద వెళ్ళి క్యూలో నిలబడ్డాడు. అతనికి కావలసింది చిన్న పనే. ఇంటి ముందు కాలువ మీది రాతి పలక విరిగి నాలుగు నెలలైంది. అప్పట్నించి డెబ్భై ఎనిమిదేళ్ళ వాళ్ళమ్మ గడప దాటలేదు. ఆవిడ చెల్లెలిది ఎదురిల్లే. ఇదివరకు రోజూ సాయంత్రం అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకచోట చేరి వీధిలో వాళ్ళందర్నీ చెరిగేసేవాళ్ళు. ఇప్పుడా పని అటొకరు ఇటొకరు నిలబడి, అరుచుకుంటూ చెయ్యాల్సి వస్తోంది. (వీధిలో వాళ్ళకీ వినబడుతోంది.) అరిచి అరిచి గొంతు పోయాక అమ్మ కిటికీ దగ్గర కూలబడితే, దర్జీకి ప్రాణం ఉసూరుమనేది.

"ఎంత పొడవు?" అన్నాడు ప్రణాళికాధికారి.

"ముప్పై ఎనిమిదిన్నర అంగుళాలండీ," అన్నాడు దర్జీ, మెడలో టేపు సవరించుకుంటూ. "మడతలకి వదిలితే నలభై."

అధికారి జాలిగా చూశాడు. ముప్పయ్యేళ్ళ ప్రణాళికలో అంగుళాలుండవు. ఫారంలో కిలోమీటర్లున్నాయి, అవీ దశాంశాలు లేకుండా.

"సున్నా వేస్తే మీకు కాలువే మిగులుతుంది," అన్నాడాయన. మనసున్న మనిషి. "ఒకటి వేసేస్తాను, పోనీండి."

ఒకటి వెయ్యగానే కంప్యూటరు ఆ పలకను ఫ్లైఓవర్ల జాబితాలోకి మార్చేసింది. దాంతో నిధుల బెంగ కూడా తీరింది. నలభై అంగుళాలకు నగరం దగ్గర డబ్బు లేదు గానీ, కిలోమీటరుకైతే అప్పిచ్చేవాళ్ళు బోలెడుమంది.

"ఎప్పటికవుతుందండీ?"

"ఇరవై రెండో ఏడు. మీ అమ్మగారిని కాస్త ఓపిక పట్టమనండి."

దర్జీ వేళ్ళు మడిచి లెక్కేసుకున్నాడు. అప్పటికి అమ్మకు సరిగ్గా నూరేళ్ళు. ఇంటికొచ్చి, బట్టలు కత్తిరించే బల్ల మీది చెక్క ఊడదీసి, కాలువ మీద అడ్డంగా పరిచాడు. ఇక కత్తిరింపులు నేల మీదే అనుకున్నాడు. ఒళ్ళు నొప్పులొస్తాయని తెలిసినా మనసు తేలికపడింది.

మర్నాడు పొద్దున్నే అమ్మ ఉతికిన చీర కట్టుకుని బయల్దేరింది. చెక్క మీద ఒక కాలు పెట్టిందో లేదో, జీపొచ్చి ఆగింది. అందులోంచి ప్రగతి పర్యవేక్షకుడు తన సిబ్బందితో దిగాడు. అతని చేతిలోని జాబితాలో, ఈ చిరునామాకి ఎదురుగా ఫ్లైఓవరని ఉంది. అతని కళ్ళెదుట ఇటునుంచి అటు పోయేదొకటి ఉంది. అంటే పని పూర్తయింది, అదీ గడువుకి ఇరవై రెండేళ్ళ ముందు.

"ఇది మా బల్ల చెక్కండీ," అన్నాడు దర్జీ.

"పక్కకి జరగండి, ఫోటోలో పడుతున్నారు."

ప్రారంభోత్సవానికి రిబ్బను తేలేదు కాబట్టి దర్జీ టేపే కట్టి, పంతొమ్మిదింబావు దగ్గర కత్తిరించారు. (కత్తెరా అతనిదే.) అందరూ చప్పట్లు కొట్టారు. ఫ్లైఓవర్లకు ఉండాల్సిన బోర్డు జీపులో సిద్ధంగానే ఉంది. దాన్ని చెక్క పక్కన పాతి, ఇకమీదట ఈ కట్టడాన్ని కదిపితే జరిమానా అని మర్యాదగా చెప్పి వెళ్ళిపోయారు.

అమ్మ కళ్ళజోడు సవరించుకుని బోర్డు కూడబలుక్కుని చదివింది. 'వాహనములకు మాత్రమే. పాదచారులకు ప్రవేశము లేదు.' చెక్క మీది కాలు నెమ్మదిగా వెనక్కి తీసుకుంది.

ఎదురింటి గుమ్మంలోంచి చెల్లెలు కేకేసింది. "ఏమయిందే అక్కా? వస్తున్నావా?"

"వంతెన వచ్చిందే చెల్లీ!" అని అరిచింది అమ్మ. "ఇంక నేను రావడానికి లేదు."