ఒత్తిడి గది

ఆ రోజు పొద్దున వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. తొమ్మిదింటికి ఆసుపత్రి తలుపులు తెరవాలి. పదింటికి విశ్వవిద్యాలయం నుంచి పెద్ద మేడం రావాలి. ఆవిడ వెళ్ళేలోగా, సైకాలజిస్టుగా శిక్షణ పొందుతున్న అమ్మాయి కనీసం ముగ్గురు రోగుల చేత మనసు విప్పి మాట్లాడించాలి. మేడం మూల కుర్చీలో కూర్చుని చూసి, ఫైల్లో రాసుకుని వెళ్ళిపోవాలి.

చిక్కల్లా ఆ ముగ్గురు రోగుల దగ్గరే వచ్చింది. అమ్మాయి ఇక్కడ చేరి మూడు వారాలైంది. ఈ మూడు వారాల్లో ఆమె గదిలో అడుగుపెట్టినవాళ్ళు ఇద్దరు. ఒకాయన బరువు తూచే మిషను కోసం వచ్చాడు, అంతకుముందు ఆ గది దానిదే కనుక. రెండో ఆయన దేన్ని వెతుక్కుంటూ వచ్చాడో అతని నడకలోనే తెలిసిపోయింది. అమ్మాయి వరండా చివరి బాత్రూం తలుపు చూపించింది.

అది పేదలుండే పేట చివర చిన్న ఆసుపత్రి. వచ్చేవాళ్ళంతా మూటలు మోసేవాళ్ళు, రోడ్లు ఊడ్చేవాళ్ళు, నాలుగిళ్ళలో పని చేసుకునేవాళ్ళు. ఒక పూట పని మానుకుని వస్తారు. ఇంకో రోజు ఇంకో చోటికి వెళ్ళమంటే వెళ్ళరు. అందుకని ఒంటి జబ్బు వెనక మనసులో బాధేదో ఉందని తోస్తే, ఆ మనిషిని అప్పటికప్పుడు చెయ్యి పట్టుకుని పక్కగదికి తీసుకెళ్ళేలా ఉండాలని డాక్టరుగారు పట్టుబట్టి ఈ ఏర్పాటు చేయించాడు. చీటీ లేదు, వాయిదా లేదు. తీరా "మనసు డాక్టరు" అన్న మాట వినగానే రోగి చెయ్యి విడిపించుకుని, "నాకేం పిచ్చి లేదండీ, దగ్గే" అని గేటు దాటేవాడు. దగ్గు కూడా గేటు దగ్గరే తగ్గిపోయేది.

ఇవాళ కూడా గది ఖాళీగా కనిపిస్తే మేడం ఊరుకోదు. అమ్మాయిని వేరే చోటికి మార్చేస్తుంది, ఇక్కడి మూడు వారాలూ శిక్షణ కింద చెల్లవు, గదిలోకి సెలైన్ పెట్టెలు దిగుతాయి.

"మనసు అనే మాటే ఎత్తొద్దు. ఒత్తిడి అందాం," అన్నాడు డాక్టరుగారు. "అది లేనివాడు ఉండడు. ఉందంటే కోపం తెచ్చుకునేవాడూ ఉండడు."

"నేను చెబుతాగా," అంది నర్సమ్మ. ఆవిడకు మైకు అక్కర్లేదు. వరండాలో ఆవిడ ఎవర్నయినా పేరు పెట్టి పిలిస్తే, రెండు వీధుల అవతల అదే పేరున్నవాళ్ళు పళ్ళు తోముకుంటూ "ఆఁ" అని పలుకుతారని చెప్పుకుంటారు.

తొమ్మిదింటికి వరండా నిండింది. నర్సమ్మ గొంతు సవరించుకుంది. "ఒత్తిడి ఉన్నవాళ్ళు ఈ గదిలోకెళ్ళండి. లోపల అమ్మాయి చూస్తుంది."

ముందు వరసలో బస్తాల మామ ఉన్నాడు. నలభై ఏళ్ళు బస్తాలు మోసినవాడు. భుజాలు ఎంత పెరిగాయో వినికిడి అంత తరిగింది. "లోపల అమ్మాయి ఏం చేస్తుందీ?" అన్నాడు.

"ఒత్తిడి, మామా."

"ఆఁ?"

"ఒత్తిడి, ఒత్తిడి."

"ఒత్తుతుందా?"

నర్సమ్మ పళ్ళ మధ్య అప్పటికి థర్మామీటరు మూత ఉంది, చేతిలో ఇంకెవరి చెయ్యో ఉంది. "ఊఁ," అంది.

ఆ ఊఁ వరండా చివరికి చేరేసరికి కాళ్ళూ చేతులూ మొలిచాయి. కాళ్ళు ఒత్తే అమ్మాయి వచ్చిందట, పెద్ద చదువు చదివిందట, ఒత్తుడులో పట్టా కూడా ఉందట.

మొట్టమొదట లేచింది ఇస్త్రీ పెద్దమ్మ. తెల్లారింది మొదలు నిలబడి బట్టలు ఇస్త్రీ చేసే మనిషి. బీపీ దిగడం లేదని ఆరు నెలలుగా డాక్టరుగారు ఆవిడకు మాత్ర మోతాదు పెంచుతూ వస్తున్నాడు. లోపలికి వచ్చి, కుర్చీలో కూర్చుని, కుడికాలు ఎత్తి అమ్మాయి ముందున్న స్టూలు మీద పెట్టింది.

మొదటి రోగి వచ్చిన సంతోషంలో అమ్మాయికి ఆ కాలు వింతగా తోచలేదు. నొప్పి చూపిస్తోంది కాబోలనుకుని కలం తీసింది.

"ఎప్పట్నుంచి ఉంది పెద్దమ్మా ఒత్తిడి?"

"ఇంకా నువ్వు మొదలెడితేగా."

అమ్మాయి రాసుకుంది: ఎప్పుడు మొదలైందో రోగికి స్పష్టంగా తెలియదు.

"ఎక్కడ ఎక్కువగా అనిపిస్తుంది?"

"పిక్కల్లో. మడమ దగ్గర మాత్రం కాస్త గట్టిగానే పట్టు."

"ఇంట్లో ఎవరివల్లయినా ఒత్తిడి ఉందా?"

"ఇంట్లో ఒత్తడానికి ఎవరున్నారు తల్లీ? ఒత్తే మనిషి పోయి ఏడాది."

కలం ఆగిపోయింది. ఆవిడ ఎందుకు వచ్చిందో అమ్మాయికి అప్పుడు అర్థమైంది. కానీ ఆ చివరి మాట దగ్గర గొంతు కిందికి జారడం కూడా వినిపించింది. చదివిన పుస్తకాల్లో పాదాల గురించి ఒక్క ముక్క లేదు. కలం పక్కన పెట్టి పాదం పట్టుకుంది.

పోయింది తోడికోడలు. ముప్పై ఏళ్ళు ఒకే బల్లకు అటొకరు ఇటొకరు నిలబడి ఇస్త్రీ చేశారు. మధ్యాహ్నం ఒకరి కాళ్ళు ఒకరు ఒత్తుకునేవాళ్ళు. ఇద్దరికీ బీపీయే, మాత్రలు కూడా ఒకటే.

"పొద్దున్నే ఒకే గ్లాసు నీళ్ళతో వేసుకునేవాళ్ళం. వేసుకున్నావా అక్కా, అని అడిగేది. ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు."

"మరి వేసుకుంటున్నావా పెద్దమ్మా?"

"డబ్బాలో దాస్తున్నా. డాక్టరుబాబు మంచివాడు, పాపం, పెద్ద మాత్ర రాసినప్పుడల్లా తెచ్చుకుంటా. వద్దంటే నొచ్చుకుంటాడు."

అమ్మాయి ఆవిడను చెయ్యి పట్టుకుని పక్కగదికి తీసుకెళ్ళి, ఆవిడ చేతనే సంగతంతా చెప్పించింది. డాక్టరుగారు ఇంకా పెద్ద మాత్ర రాయడానికి ఎత్తిన కలం దించేశాడు.

"అయితే ఆరు నెలలుగా నేను డబ్బాకు వైద్యం చేస్తున్నానన్నమాట," అన్నాడు. అమ్మాయి వైపు చూసి, "నాకు తట్టనే లేదమ్మా. నువ్వు రాకపోతే ఇంకో ఆరు నెలలు చేసేవాణ్ణి," అన్నాడు. మళ్ళీ మొదటి మోతాదుకే వచ్చాడు.

పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంటూ వరండాలోకి వచ్చింది. "ఏం ఒత్తిందమ్మా ఆ పిల్ల. కాళ్ళ సంగతేమో గానీ, గుండెల మీద బండ దిగింది," అంది. ఆ మాటతో వరండా లేచి నిలబడింది.

అక్కణ్ణుంచి వరస పెరిగిన తీరు చెబితే నమ్మరు గానీ, అది గేటు దాటి, మందుల కొట్టు దాటి, బస్టాపు దాకా వెళ్ళింది. ఇంతమంది నిలబడ్డారని బస్సు ఆగింది. ఎవరూ ఎక్కలేదు. కండక్టరే దిగి, రోజంతా నిలబడే కాళ్ళని చెప్పి వరసలో చేరాడు. నూనె సీసాలు వచ్చాయి. ఒకావిడ చాప కూడా తెచ్చింది. పన్ను పీకించుకోవడానికి వచ్చినవాడు, దవడ కూడా ఒత్తుతారేమో కనుక్కోమన్నాడు.

"నేను ఒత్తనండీ, వింటాను," అంది అమ్మాయి, లోపలికి వచ్చిన బస్తాల మామతో.

"వినడం కూడానా? మంచిదే, రెండూ కానివ్వు," అని మామ భుజం అప్పగించాడు.

ఉన్నవి రెండే చేతులు. అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి, బల్లలు ఎదురెదురుగా వేయించింది. "మీలో మీరు ఒత్తుకోండి. కబుర్లు మాత్రం నాకు చెప్పండి," అంది. ఇస్త్రీ పెద్దమ్మ ఇంటికి వెళ్ళకుండా మామ భుజం అందుకుంది.

"వినపడక గట్టిగా మాట్లాడతానా, తిడుతున్నాననుకుంటారు ఇంట్లో," అన్నాడు మామ, రెండు వీధులకు వినిపించేలా. "మనవరాలు నా దగ్గరకి రావడం మానేసింది." అమ్మాయి అతని పేరు చెవి పరీక్షకు రాయించింది. వచ్చేవారం మనవరాల్నీ వెంటబెట్టుకు రమ్మంది.

మామ తేలికపడ్డ భుజంతో గుమ్మం దాకా వచ్చాడో లేదో, పెద్ద మేడం దిగింది. గంజి పెట్టిన చీర, చంకలో ఫైలు.

"వరసలో రండి మేడంగారూ. ఎవరి నొప్పి వాళ్ళకి ఎక్కువే," అన్నాడు మామ అడ్డం నిలబడి.

"నేను రోగిని కాదయ్యా. పరీక్ష చెయ్యడానికొచ్చాను."

మామకు ఒక్క మాటే వినబడింది. "నర్సమ్మా, ఈవిడ పరీక్షకొచ్చిందట," అని కేకేశాడు.

నర్సమ్మ మనుషుల మొహాలు చూసేది కాదు, చేతులే చూసేది. మేడం చేతిలో ఫైలు తీసేసి చిన్న డబ్బా పెట్టింది. "ముందు ఇది నింపి తెండి. ఆ మూల తలుపు."

"నేనెవరో తెలుసా?"

"పేరు తర్వాత రాసుకుంటాను," అని నర్సమ్మ ఆ చేతికే బీపీ పట్టీ చుట్టింది. మిషను ఊదుకుని, ఆగి, నూట ఎనభై చూపించింది. నర్సమ్మ మొదటిసారి మొహం చూసింది. "కదలకండి," అని, జబ్బ పట్టుకుని డాక్టరుగారి ముందు కూర్చోబెట్టింది. డాక్టరుగారు మేడంతో ఫోనులో మాట్లాడాడే తప్ప ఎన్నడూ చూడలేదు. అంకె చూశాడు, కళ్ళకింద నలుపు చూశాడు. తన పద్ధతి ప్రకారం చెయ్యి పట్టుకుని పక్కగదిలోకి తీసుకెళ్ళాడు. "ఈవిడతో కాసేపు మాట్లాడమ్మా," అని వెళ్ళిపోయాడు.

మేడాన్ని చూస్తూనే అమ్మాయి లేచి నిలబడింది. గదిలో రెండు నూనె సీసాలు, ఒక చాప, చాపమీద కండక్టరు. మూడు వారాల శిక్షణా గంగలో కలిసినట్టే. మేడం నోరు తెరిచింది. మాట బయటికి రాకముందే ఇస్త్రీ పెద్దమ్మ అడిగేసింది.

"మాత్ర వేసుకున్నావా చెల్లీ?"

మేడం కుర్చీ చూసుకుని కూర్చుంది. "నెల కావస్తోంది. మానేశాను," అంది.

"అడిగేవాళ్ళు లేరా?"

"లేరు."

పెద్దమ్మ ఆవిడ పాదం ఒళ్ళోకి తీసుకుంది. అమ్మాయి నూనె సీసాలు పక్కకు జరిపి, కుర్చీ దగ్గరగా లాక్కుని, నిద్ర ఎలా పడుతోందని అడిగింది. వరసలో ఉన్నవాళ్ళు గోల చెయ్యకుండా నలభై నిమిషాలు ఆగారు. ఆ తర్వాత మేడం ఫైలు అడిగి తెప్పించుకుని, అక్కడే కూర్చుని రాసింది: "లెక్కకు వచ్చినవి మూడు సందర్భాలు. మొదటి రెండూ రోగులు చెప్పగా విన్నాను. మూడో రోగికి చాలా మేలు జరిగింది. ఈ గదిని కదిలించవద్దు."

వెళుతూ అమ్మాయి చేతులు రెండూ పట్టుకుంది. అమ్మాయి, ఆ థాంక్సేదో పెద్దమ్మకు చెప్పమంది. పెద్దమ్మ, అదంతా పోయిన తోడికోడలి పుణ్యమే అంది. అప్పట్నుంచి పొద్దున్నే మాత్ర వేసుకుని, వారానికో పూట వచ్చి ఆ గదిలో కూర్చుంటోంది. వచ్చినవాళ్ళను అడిగేది ఒక్కటే ప్రశ్న. డాక్టరుగారు ఏడేళ్ళు చదివి అడిగినా అంత నిజం రాదు.

గది తలుపుకు బోర్డు మాత్రం కొత్తది పెట్టారు: "ఇక్కడ ఒత్తరు. వింటారు."

మరుసటి వారం మేడం మళ్ళీ వచ్చింది. ఆ బోర్డు రెండుసార్లు చదువుకుని, చేతిలోని నూనె సీసాను మెల్లగా సంచిలో పెట్టేసుకుంది.