రెండింతల బోర్డు

ఆ రోజు టోకు వర్తకుడు వీధికి వస్తున్నాడు. ఈ వానాకాలం గొడుగుల సరుకు వీధిలో ఒక్క కొట్టుకే ఇస్తానని ముందే కబురు పెట్టాడు. గొడుగుల కొట్లు ఉన్నవే రెండు. ఒకటి బావది, ఎదురుగా ఉన్నది బావమరిదిది. చుట్టరికం విస్తరి దగ్గర. బేరం దగ్గర బేరమే.

సరుకిచ్చేవాడు ముందు కొట్టు మొహం చూస్తాడని బావ లెక్క. బావమరిది బోర్డు ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు. తనది దానికి రెండింతలు ఉండాలి. అందుకే రేకుల పనివాడికి, "పొడవును రెండుతో హెచ్చవేయి, ఎత్తునూ రెండుతో హెచ్చవేయి" అని చెప్పి ఉంచాడు.

పొద్దున్నే బోర్డు వచ్చింది. మోస్తున్న మనుషులు కనబడలేదు. బోర్డే నడిచి వస్తున్నట్టుంది.

"ఇదేంటయ్యా, ఇంత చేశావు?"

"మీరు చెప్పిన కొలతేనండీ. టేపు పెట్టి చూసుకోండి."

టేపు పెడితే కొలత సరిగ్గానే ఉంది. బావకు కోపమైతే వచ్చింది గాని, దాన్ని ఎవరి ఖాతాలో రాయాలో తెలియలేదు. కాఫీ తెచ్చిన భార్య బోర్డును ఎగాదిగా చూసింది.

"మావాడి బోర్డు పక్కన అలాంటిదే ఇంకోటి పెడితే రెండింతలు. ఆ రెండింటి మీద మళ్ళీ రెండెందుకు?"

"ఎత్తు కూడా రెండింతలు కావద్దూ?"

"అయింది. అందుకే నాలుగింతలు. రెండో ఎక్కం రాదా మీకు?"

"మీ తమ్ముడి వైపు మాట్లాడకు."

"ఎక్కానికి పుట్టిల్లూ అత్తిల్లూ ఉండవండీ."

ఎక్కువొచ్చిన సరుకును వెనక్కి పంపడం బావ రక్తంలో లేదు. నిచ్చెనలు వేయించి బిగింపజేశాడు. వెంటనే మేడమీది దర్జీ గొంతు రేకు వెనక నుంచి వినబడింది.

"నా కిటికీ ఏమైందయ్యా? సూదిలో దారం ఎక్కిస్తుండగానే పొద్దుగూకింది!"

దర్జీ కిందికి దిగితే తగువు, దిగకపోతే కేకలు. రెండూ నష్టమే. బోర్డు పై అంచును కిటికీ కిందికి దించి, కింది అంచును వీధిలోకి లాగి, గుంజలు నిలబెట్టారు. బోర్డు కాస్తా కప్పు అయింది. అక్షరాలు ఆకాశం వైపు తిరిగాయి.

"ఇప్పుడు బాగుందయ్యా," అన్నాడు దర్జీ కిటికీలోంచి. "నీ కొట్టు పేరు చక్కగా కనబడుతోంది."

ఇంతలో వాన దంచింది. ఆ వాన కోసం బావ వేసవంతా ఎదురుచూశాడు. వీధిలోని జనమంతా పరుగున వచ్చి రేకు కింద చేరారు. గుమ్మం మూసుకుపోయింది. బావ రెండు చేతులా గొడుగులు పట్టుకుని లోపలి నుంచి అరిచాడు. రేకు మీద వాన మోతలో ఆ అరుపు ఆయనకే వినబడలేదు.

"ఇక్కడ గొడుగులు ఎక్కడ దొరుకుతాయండీ?" అని ఒకాయన పక్కవాడి చెవిలో కేకేశాడు.

"అదిగో, ఎదురుగా బోర్డు కనబడట్లా?"

తొందర ఉన్నవాళ్ళు తల మీద సంచి పెట్టుకుని అటు పరుగెత్తారు. తొందర లేనివాళ్ళు హాయిగా నిలబడ్డారు. వాళ్ళలోంచి ఒక పెద్దమనిషి దారి చేసుకుని లోపలికొచ్చాడు. టోకు వర్తకుడు.

"మీ కొట్టు ఎక్కడా అని ఇందాకట్నుంచి ఇక్కడే నిలబడి చూస్తున్నానండీ."

"ఇదేనండీ! ఆ బోర్డు మాదే!"

వర్తకుడు గుమ్మంలోంచి తలెత్తి రేకును చూశాడు. తన పొడి చొక్కా తడుముకున్నాడు.

"దివ్యంగా ఉందండీ, ఒక్క చుక్క పడలేదు. కానీ ఇంత నీడ ఊరికే ఇస్తున్న చోట గొడుగు ఎవరు కొంటారు చెప్పండి? సరుకు ఎదురు కొట్లో దింపుతాను. ఏమీ అనుకోకండి."

సాయంత్రం బావమరిది వచ్చి కూర్చున్నాడు. "పోనీలే బావా. బోర్డు విషయంలో మాత్రం నీదే పైచేయి."

మర్నాటి నుంచి సిటీ బస్సు ఆ రేకు ముందే ఆగుతోంది.