బ్యాటరీ బాబాయ్ పైలట్ వేషం

ప్యాంటు ఉతికే ముందు జేబులు వెతకడం మా ఆవిడకి అలవాటు. నా కొంప ముంచింది ఆ అలవాటే.

"ఏమండీ, ఇవేంటి? శనివారం డ్రోన్ షోకి ఫ్యామిలీ పాసులు! రెండు! నాకు చెప్పలేదే?"

"చెబుదామనే..."

"ఎప్పుడు, ఆదివారమా?"

వాళ్లమ్మనీ తీసుకొస్తానంది. నా గుట్టు రట్టయ్యేలా ఉంది.

అసలు సంగతి మీకు చెప్పాలి. ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో "ఏం పని బాబూ?" అని మా అత్తగారు అడిగితే, "మూడొందల డ్రోన్లు ఒక్కడినే నడుపుతానండీ" అనేశాను. నోరు జారింది. రెండేళ్లయినా వెనక్కి తీసుకోలేకపోయాను.

నిజానికి వాటిని నడిపేది నేను కాదు. ఆ మాటకొస్తే ఎవరూ కాదు. ఏ డ్రోను ఏ క్షణంలో ఎక్కడుండాలో, ఏ రంగులో వెలగాలో ముందే కంప్యూటర్లో గీసి పెడతారు. షో మొదలవగానే మా మేడం ఒక బటన్ నొక్కుతుంది. అవే లేస్తాయి, అవే బొమ్మ కడతాయి, అవే దిగుతాయి. గాలి పెరిగితే అన్నిటినీ దించెయ్యడానికి ఇంకో బటన్ ఉంటుంది. ఆవిడ వేలు ఎప్పుడూ దాని మీదే. పొద్దస్తమానం గాలి ఊసే కాబట్టి ఆవిడకి మేం పెట్టిన పేరు గాలిమేడం. నేను కట్టినవి మాత్రం గాలిమేడలు.

మరి నా పనంటారా? పెట్టెలు మోయడం, నంబర్ల ప్రకారం మైదానంలో డ్రోన్లు వరసగా పేర్చడం, మూడొందల బ్యాటరీలు బిగించడం, షో అయ్యాక ఏరుకోవడం. అక్కడ నా పేరు బ్యాటరీ బాబాయ్. ఈ పేరు మా ఇంటి గడప తొక్కకుండా కాపాడుకుంటూ వస్తున్నాను.

శనివారం గాలిమేడం ముందు చేతులు కట్టుకు నిలబడ్డాను.

"మేడం, పది నిమిషాలు మీ కుర్చీలో కూర్చోనివ్వండి. మా అత్తగారు వస్తున్నారు."

"కూర్చుని ఏం చేస్తావ్?"

"నడుపుతున్నట్టు ఉంటాను."

"నేనే నడపను కదయ్యా!"

నా మొహం చూసి జాలిపడింది. తన లాప్‌టాప్ తీసుకుని పక్కకి జరిగింది. "దేన్నీ ముట్టుకోకు. ఊపిరి కూడా మెల్లగా పీల్చు" అంది.

చెవులకి హెడ్‌ఫోన్లు, చేతిలో వీడియోగేమ్ రిమోటు. ఎప్పుడో పాడైన రిమోటే అనుకోండి, మెరుపు మాత్రం తగ్గలేదు. ఈ ముస్తాబు హడావుడిలో మధ్యలో ఒక వరస బ్యాటరీలు సరిగ్గా చూడలేదు.

చీకటి పడగానే మూడొందల దీపాలు ఒక్కసారిగా పైకి లేచాయి. జనం "ఓ" అన్నారు. ఆకాశంలో పెద్ద పిట్ట రెక్కలు విప్పింది. జనాన్ని ఆపడానికి కట్టిన తాడుకి అవతల మొదటి వరసలో మా ఆవిడ, అత్తగారు. నేను పళ్లు బిగించి రిమోటు తిప్పాను.

"ఏమే, అల్లుడుగారు ఎడమకి తిప్పితే పిట్ట కుడికి పోతోందేంటే?"

గబుక్కున కుడికి తిప్పాను. పిట్ట నిట్టనిలువుగా పైకి పోయింది.

అంతలో ఏమైందో, పిట్ట కన్ను కిందికి దిగడం మొదలెట్టింది. ఛార్జింగ్ తగ్గితే డ్రోను బుద్ధిగా తిరిగొచ్చేస్తుంది లెండి. కానీ పైన మిగిలింది గుడ్డిపిట్ట.

"నూట పద్నాలుగు!" గాలిమేడం మైకులో అరిచింది. "బ్యాటరీ బాబాయ్! ఎవరు బిగించారిది?"

"నేనే మేడం!"

రెండేళ్ల అలవాటు మరి! అంటూనే మైదానం వైపు ఉరికాను.

"ఆగవయ్యా! పైన ఇంకా రెండొందల తొంభై తొమ్మిది ఉన్నాయి!"

ఆగాను. కుర్చీకి చుట్టుకున్న హెడ్‌ఫోన్ల తీగ మాత్రం నిలబడనివ్వలేదు. మెడ వెనక్కి, కాళ్లు ముందుకి, కుర్చీ నా మీదకి. గడ్డిలో వెల్లకిలా పడ్డాను. నిజం చెప్పొద్దూ, రెండేళ్లలో షో నిదానంగా చూసింది అప్పుడే.

తాడు దగ్గర మా ఆవిడ ఒంగి చూసింది. "దెబ్బ తగిలిందా?"

"లేదు." లేచి తలొంచుకున్నాను. "నేను పైలట్‌ని కాదు."

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"మొదటి వారం నించే. కుర్చీలో కూర్చునే మనిషి మోకాళ్లకి గడ్డి మరకలెందుకు అంటుకుంటాయండీ? రోజూ మీ నడుముకి మందు రాసేది ఎవరు, పిట్టా?"

"మరి అడగలేదేం?"

"చెప్పేటప్పుడు మీ మొహం ఎంత వెలిగిపోయేదో! ఆర్పబుద్ధి కాలేదు."

"అత్తయ్యగారికి..."

"అమ్మకి ఎప్పుడో చెప్పాను. ఆయన సాయంత్రం నేల మీద దీపాలు నాటితే ఆకాశంలో పువ్వులు పూస్తాయి అని. అవి చూడ్డానికే వచ్చింది. మీరు దాచాలని తంటాలు పడుతుంటే సరదాగా ఉండి ఊరుకున్నాం."

డ్రోన్లన్నీ దిగి రెక్కలు ఆగాక గాలిమేడం వాళ్లిద్దరినీ లోపలికి రానిచ్చింది. మా ఆవిడ నా పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటీ తీసి అందిస్తోంది. పసిపిల్లల్ని ఎత్తుకున్నట్టు, రెండు చేతుల్తో.

"నంబర్లు తారుమారు చేయకు."

"నూట పద్నాలుగుకి బ్యాటరీ నేను పెట్టానా?"

పెట్టె ఆవిడ దగ్గరికి జరిపాను.

అంతలో వెనక చప్పట్లు. తిరిగి చూస్తే, కాళ్లు లాగుతున్నాయని మా అత్తగారు ఆ కుర్చీలో కూర్చున్నారు. గాలిమేడం సరదాకి హెడ్‌ఫోన్లు పెట్టింది కాబోలు. ఇళ్లకి వెళ్లే జనమంతా తాడు దగ్గర ఆగి చూస్తున్నారు.

"ఇదంతా నడిపింది ఆ పెద్దావిడేనట!"

అత్తగారు కాదనలేదు. నిదానంగా అందరికీ చెయ్యి ఊపారు.