పొట్టి షాఫ్టు పథకం

గత ప్రభుత్వం పడవ మోటార్లకు అంతంత పొడుగు షాఫ్టులు ఎందుకు పెట్టించిందో జనానికి జవాబు చెప్పి తీరాలని జలరవాణా మంత్రిగారు ప్రెస్‌మీట్‌లో నిలదీశారు. అవసరం లేని పొడుగంతా ప్రజల ఇనుమేనని, తమ ప్రభుత్వం ఆ పొడుగును కోసేసి పొట్టి షాఫ్టు మోటార్లతో జనాన్ని నది దాటిస్తుందని ప్రకటించారు. షాఫ్టంటే ఏమిటో తెలియని విలేకరులు కూడా చప్పట్లు కొట్టారు. ఆయన మాటల్లో అంతటి స్పష్టత ఉంది.

అందరికంటే గట్టిగా కొట్టినవాడు మంత్రిగారి బావమరిది. కొత్త పడవ తనను అవతలి ఒడ్డుకు చేరిస్తే, ఆ గట్టు మీదే అతన్ని పడవల కార్పొరేషన్ చైర్మన్‌గా ప్రకటిస్తానని బావ భోజనాల దగ్గర మాటిచ్చాడు. చేర్చకపోతే మళ్లీ అక్కగారింటికి కూరగాయలు మోయడమే. ఇప్పటికే ఆవిడ తమ్ముణ్ణి పేరు పెట్టి పిలవడం మానేసి, సంచి ఊపి పిలుస్తోంది.

పడవ దివ్యంగా వచ్చింది. పొట్టి షాఫ్టుకు తగ్గట్టే దాని వెనక పలకా పొట్టిదే. మోటారును ఆ పలక అంచుకు తగిలిస్తే షాఫ్టు కిందికి దిగి, దాని కొసనున్న పంకా పడవ అడుగు దాటి నీళ్లలో మునుగుతోంది. మెకానిక్ అలాగే తగిలించి, నదిలో ఓ చుట్టు తిప్పి చూపించాడు. సంగతి అక్కడితో అయిపోవాల్సిందే. కానీ బాధ్యత తెలిసిన మనిషికి లోటు కనబడకుండా ఉండదు. పలక లోపలివైపు, పడవ ఎక్కేవాళ్లకు కనబడేలా అంటించిన మంత్రిగారి బొమ్మకు నుదురు పట్టలేదు.

"నుదురు లేని నాయకుణ్ణి నమ్మి జనం పడవెలా ఎక్కుతారయ్యా?" అన్నాడు బావమరిది.

"నుదురు కావాలంటే పలక లేపాలి సార్. పలక లేస్తే మోటారు లేస్తుంది, పంకా నీళ్లు వదిలేస్తుంది. పొడుగు షాఫ్టు మోటారైతే ఇబ్బంది ఉండదు," అన్నాడు మెకానిక్.

"పొడుగు మాటెత్తకు. అది గత ప్రభుత్వం."

వడ్రంగి వచ్చి పలకను మూరెడు లేపాడు. నుదురు నిండుగా పట్టింది. ఆ నుదుటి మీద మోటారు కిరీటంలా కూర్చుంది. చూసినవాళ్లు దండం పెట్టబోయి ఆగారు.

రిహార్సల్‌కు మంత్రిగారే స్వయంగా విచ్చేశారు. మోటారు స్టార్ట్ చేయగానే రేవంతా దద్దరిల్లింది. పంకా రెక్కలు నీటిని పైపైన గోకాయి. గోకిన నీరు తాటిచెట్టంత ఎత్తున లేచి పార్టీ మొత్తాన్నీ తడిపేసింది. పడవ మాత్రం ఉన్నచోటే క్రమశిక్షణగా నిలబడింది.

"గత ప్రభుత్వంలో నీళ్లు ఎప్పుడైనా ఇంత ఎత్తు లేచాయా?" అని మంత్రిగారు మొహం తుడుచుకుంటూ అడిగారు. లేవలేదని అందరూ ఒప్పుకున్నారు.

ఆయన వెళ్లాక బావమరిది బుర్ర పాదరసంలా పనిచేసింది. వెనక బరువు పడితే పంకా మునుగుతుంది కదా. లావుపాటి కార్యకర్తలను ఏరి వెనక కూర్చోబెట్టాడు. పంకా మునిగింది, పడవ కదిలింది. కానీ ఆ పార్టీలో వెనక కూర్చునే అలవాటు ఎవరికీ లేదు. ముందు మంత్రిగారి కోసం వేసిన సోఫా కనబడేసరికి ఒక్కొక్కరే దాని పక్కకు జరగసాగారు. వాళ్లు జరిగినకొద్దీ పంకా లేచింది. అది పూర్తిగా గాల్లోకి వచ్చేసరికి కార్యకర్తలంతా సోఫా చేతుల మీద ఉన్నారు.

గట్టు మీద నిలబడి ఇదంతా చూస్తున్నది రేవులో తెడ్డు వేసే పెద్దమ్మ. ఇన్నేళ్లుగా జనాన్ని దాటిస్తున్నది ఆవిడ పడవే.

"నీ పడవ తెగ అరుస్తోంది నాయనా. ఆకలేమో చూడు," అంది.

బావమరిది ఆవిణ్ణి పక్కకు పిలిచి బతిమాలాడు. రేపు నీ పడవ ముందు నడవాలి, దానికీ మా పడవకూ కట్టే తాడు నీళ్ల కింద ఉంటుంది, పేపర్లకు దాన్ని పైలట్ పడవని చెప్తాం అన్నాడు. తన తెడ్డు జోలికి ఎవరూ రాకపోతే అంతే చాలంది పెద్దమ్మ. నెత్తి మీద చెయ్యి పెట్టుకుని ఒట్టేశాడు.

మర్నాడు చరిత్ర నడిచింది. ముందు పెద్దమ్మ తెడ్డు వేసింది. వెనక మోటారు ఘోషించింది. మంత్రిగారు సోఫాలో కూర్చుని, తుంపరల్లో తడుస్తూ, రెండు ఒడ్లకూ చేతులూపారు. పడవ అవతలి ఒడ్డున ఇసుకలో ముక్కు ఆనించింది. గట్టు మీద మైకు, దండ సిద్ధంగా ఉన్నాయి. మంత్రిగారు మాట తప్పే మనిషి కారు. బావమరిది చైర్మన్ అయ్యాడు.

చప్పట్లు ఆగకపోయేసరికి మంత్రిగారికి ఇంకా ఊపొచ్చింది. "ఈ క్షణం నుంచి ఈ నదిలో తెడ్డన్నది కనబడకూడదు. తెడ్డు వెనకబాటుతనం. చైర్మన్ గారూ, మొదటి ఆర్డరు మీ నోటితోనే రావాలి," అన్నారు.

చైర్మన్ గారు పెద్దమ్మ వైపు చూశాడు. మెడలో దండ వైపు చూసుకున్నాడు. దండ కొత్తది, బరువైనది, మంచి వాసన వేస్తోంది.

"తెడ్లు బంద్," అన్నాడు మైకులో.

పెద్దమ్మ తన పడవ దిగింది. తాడు ముడి విప్పి చుట్ట చుట్టింది. తెడ్డును ఇసుక మీద పడుకోబెట్టి, చెప్పులు పక్కన విడిచి, దాని పక్కనే చతికిలబడింది. సర్కారు మాటంటే అంత గౌరవం ఆవిడకు.

తిరుగు ప్రయాణానికి అంతా పడవెక్కారు. మోటారు ఘోషించింది. నీళ్లు నిన్నటికంటే ఎత్తు లేచాయి. మంత్రిగారు తుంపరలకు కళ్లు గట్టిగా మూసుకున్నారు. ఆయన వెనక, బొమ్మలోని ఆయన కళ్లు తెరిచే నవ్వుతున్నారు.

"ఎంతదాకా వచ్చాంరా?"

"సగం దాటేశాం బావా."

చేతికందేంత దూరంలో కూర్చున్న పెద్దమ్మ, తడుస్తాయని, చెప్పులు కాస్త అవతలకు జరుపుకుంది.